దూరమొకటి – కాలమొకటి

సంతానం అమెరికాలో స్థిరపడిన మన సంస్థ కుటుంబాలలో తరచుగా వినవచ్చే ప్రశ్న, "అక్కడికి ఎన్ని గంటల ప్రయాణం?" అన్నది. ప్రశ్న చిన్నదే. అయితే దూరాన్ని వేగంతో భాగించినంత మాత్రాన సమాధానం లభించదు. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో ఆకాశమార్గమే ఇందుకు చక్కని ఉదాహరణ.

గ్లోబు మీద ఈ రెండు నగరాలనూ కలుపుతూ దారం బిగించి పట్టితే, అది ఆర్కిటిక్ ప్రాంతం మీదుగా సాగుతుంది. ఆ మార్గం పొడవు సుమారు 12,400 కిలోమీటర్లు. విమానాలు సరిగ్గా ఆ దారం వెంటనే పోవు. ఆయా దేశాల గగనతల అనుమతులు, ఆపద వేళ దిగడానికి అందుబాటులో ఉండవలసిన విమానాశ్రయాలు, గాలి వాలు – ఇవన్నీ కలిసి మార్గాన్ని నిర్ణయిస్తాయి.

ఎయిరిండియా ఈ సర్వీసును 2015 డిసెంబరులో ప్రారంభించినపుడు విమానం అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు పయనించేది. 2016 అక్టోబరులో దానిని తూర్పు దిశగా, చైనా, జపాన్, పసిఫిక్ మహాసముద్రాల మీదుగా మళ్ళించారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. ప్రయాణకాలం మాత్రం సుమారు రెండు గంటలు తగ్గి, పద్నాలుగున్నర గంటలకు వచ్చింది!

ఇందులోని రహస్యం జెట్ స్ట్రీమ్ అనే వాయుప్రవాహం. విమానాలు ఎగిరే ఎత్తులో అది పడమటి నుండి తూర్పునకు వీస్తుంది. విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లనుకుందాం. గాలి 100 కిలోమీటర్ల వేగంతో ఎదురైతే మనం ముందుకు సాగేది 800 మాత్రమే. అదే గాలి వెనుక నుండి తోస్తే 1,000. గోదావరిలో వాలున పోయే పడవకు, ఏటికి ఎదురుపోయే పడవకు గల భేదమే ఇది.

2017 అక్టోబరులో మేమిరువురమూ ఈ మార్గాన ప్రయాణించాము. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరిన విమానం, అదే తేదీ ఉదయం ఆరింటికి దిగింది. "ఏమండీ, రెండు గంటలలోనే అమెరికా వచ్చేశామా?" అని నా శ్రీమతి విస్తుపోయింది. మన గడియారంలో అప్పుడు సాయంత్రం ఆరున్నర. అంతర్జాతీయ దినరేఖను తూర్పుగా దాటినందున తేదీ ఒక రోజు వెనుకకు జరిగింది. శరీరం మాత్రం పద్నాలుగున్నర గంటలూ అనుభవించింది.

ఈ సంగతి వినోదానికి మాత్రమే పరిమితం కాదు. నా శ్రీమతి మధుమేహ రోగి. బయలుదేరుటకు ముందే వైద్యుని సంప్రదించి, మందులకూ ఆహారానికీ గడచిన గంటల ప్రకారం పట్టిక వ్రాసుకున్నాము. నా చేతి గడియారాన్ని దిగేవరకూ భారత కాలమానంలోనే ఉంచాను. స్థానిక సమయాన్ని నమ్ముకొని ఉంటే, ఒక పూట మందు తప్పిపోయి ఉండేది.

2017లోనే పూర్తిగా మహిళా సిబ్బందితో ఎయిరిండియా విమానం పసిఫిక్ మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, అట్లాంటిక్ మీదుగా ఢిల్లీకి తిరిగివచ్చి, భూప్రదక్షిణం పూర్తి చేసింది. పోయినదీ తూర్పుకే, వచ్చినదీ తూర్పుకే!

కనుక దూరప్రయాణం తలపెట్టిన పెద్దలు కిలోమీటర్లను గూర్చి దిగులు చెందనక్కరలేదు. టిక్కెట్టు మీది రెండు సమయాలను చూచి తీసివేత వేయవద్దు. గాలిలో గడపవలసిన గంటలెన్నో అడిగి తెలుసుకొని, ఆ లెక్కనే మందుల సంచీ సర్దుకొనండి.