పట్టపగటి గుడ్లగూబ

గుడ్లగూబ పేరెత్తితే చాలు, మన వాళ్ళ మొహాలు మాడిపోతాయి. ఇంటి కప్పు మీద వాలిందంటే ఇల్లు పాడుపెట్టాలంటారు, లేదా శాంతి చేయించాలంటారు. రాత్రిపూట దాని కూత వింటే తెల్లారేసరికి ఏ కబురు వస్తుందోనని బిక్కుబిక్కుమంటూ కూర్చుంటారు. అదే పక్షి బెంగాలులో లక్ష్మీదేవి వాహనం. అక్కడ పూజ్యం, ఇక్కడ అపశకునం! పాపం, దానికి ఈ రెండు సంగతులూ తెలియవు. ఎలకల్ని తిని రైతుకు ఉపకారం చేస్తూ, తన బతుకు తాను బతుకుతూ ఉంటుంది.

అటువంటి గూబ ఒకటి మా అయిదుగురు స్నేహితుల మధ్య ఒక పూటంతా తగువు పెట్టింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

సంక్రాంతి సెలవుల్లో మేం మహారాష్ట్రలోని మేల్ఘాట్ అడవులకు వెళ్ళాం. అమరావతి జిల్లాలో, సాత్పురా కొండల్లో ఉన్నాయవి. ప్రాజెక్ట్ టైగర్ కింద మొట్టమొదట తీసుకున్న తొమ్మిది అడవుల్లో అదొకటి. ఎక్కడ చూసినా టేకు చెట్లే. మన ఆదిలాబాదు అడవులు చూసిన వాళ్ళకు పరాయిచోటు అనిపించదు. పులులున్న అడవి గదా, ఇష్టం వచ్చినట్టు తిరగనివ్వరు. అనుమతి చీటీ రాయించుకుని, ఒక గార్డును వెంటబెట్టుకుని కాలిదారిన బయలుదేరాం. ఆయన కోర్కూ తెగవాడు, యాభై దాటిన మనిషి. మేం 'దాదా' అని పిలిచేవాళ్ళం.

పొద్దున పది గంటలవేళ ఒక వాగు దాటుతుంటే దాదా చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆకురాలిన టేకు చెట్టు కొమ్మ మీద, ఎండకు ఎదురుగా, జానెడు పిట్ట ఒకటి కూర్చుని ఉంది. గూబ! పట్టపగలు! చూస్తుండగానే తోకను అటూ ఇటూ టపటప ఆడించింది. మన ఊళ్ళలో చింతతొర్రల్లో కనబడే చిన్నగూబకు నెత్తి నిండా తెల్లచుక్కలుంటాయి. దీని నెత్తి దాదాపు నున్నగా, ముదురు బూడిదరంగులో ఉంది. రొమ్ము గోధుమరంగు, పొట్ట తెలుపు, రెక్కల మీదా తోక మీదా వెడల్పాటి పట్టీలు, కాళ్ళకు మేజోళ్ళు తొడిగినట్టు దట్టమైన తెల్లటి ఈకలు. నాలుగైదు నిమిషాలుండి, వాగు అవతలికి ఎగిరిపోయింది. మా సెల్‌ఫోనులో పడ్డ బొమ్మ చూస్తే పిట్టో, కొమ్మ మీది బుడిపో పోల్చుకోవడం కష్టం.

ఇంగ్లీషులో 'ఫారెస్ట్ ఔలెట్' అనే పక్షి అది. దాని కథ వింటే అపరాధ పరిశోధక నవల చదివినట్టే ఉంటుంది. 1872లో బ్లూయిట్ అనే ఆయన, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బస్నా ప్రాంతంలో దీన్ని సేకరించాడు. మరుసటి ఏడు హ్యూమ్ దొర దాన్ని లోకానికి పరిచయం చేసి, బ్లూయిట్ పేరే పెట్టాడు. ఆ హ్యూమ్ దొర మరెవరో కాదు, 1885లో కాంగ్రెసు స్థాపనకు పూనుకున్న వాడే. 1880ల తర్వాత ఈ పక్షి జాడ లేదు. అయితే మైనర్ట్‌జాగన్ అనే సైనికాధికారి, 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర తానొకదాన్ని పట్టానని రాసుకున్నాడు. ఆ మాట నమ్మి ఆ దిక్కున వెదికిన వాళ్ళకు ఏమీ దొరకలేదు. దొరక్కపోవడానికి కారణం తర్వాత బయటపడింది. ఆ పక్షి ఆయన పట్టింది కాదు. ఇంగ్లండు మ్యూజియంలోని పాత నమూనాను కాజేసి, కొత్త చీటీ కట్టాడు! పమేలా రాస్మస్సెన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆ చీటీలోని అబద్ధాన్ని తోసిపుచ్చి, నిజమైన చీటీలున్న చోట్ల వెదికింది. 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర, పట్టపగలు, చెట్టుమీద గూబ కనబడింది. నూట పదమూడేళ్ళ తర్వాత! ఆ తర్వాతే మేల్ఘాట్‌లోనూ ఇతర చోట్లా ఉన్నట్టు తేలింది.

ఇక మా తగువు. మా మిత్రుడొకడు, "ఒరేయ్, ఇప్పుడే ఫేస్‌బుక్కులో పెడదాం. వాగు పేరు, మైలురాయితో సహా పెడితేనే ఎవడైనా నమ్ముతాడు" అన్నాడు. దాదాకు తెలుగు రాకపోయినా సంగతి అర్థమైంది కాబోలు, హిందీలో మెల్లగా చెప్పాడు: "బాబూ, దీపావళి ముందు కొత్త మనుషులు వస్తారు. గూబ ఎక్కడుందని అడుగుతారు. పూజకట. మీరు వాగు పేరు రాస్తే నన్ను అడిగే పని కూడా ఉండదు వాళ్ళకు."

మా నోళ్ళు మూతబడ్డాయి. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం గూబను పట్టినా అమ్మినా నేరమే. అయినా క్షుద్రపూజల పేరిట ఆ వ్యాపారం సాగుతూనే ఉంది. అలాగని నోరు మూసుకోవడమూ తప్పే. కడపజిల్లా కలివికోడి సంగతి చూడండి. 1900 తర్వాత కనబడలేదు, అంతరించిందన్నారు. 1986లో ఐతన్న అనే స్థానికుడు పట్టి చూపించాడు. ఆ కబురు చేరవలసిన వాళ్ళకు చేరబట్టే లంకమల అడవి అభయారణ్యం అయింది. చెప్పకపోతే రక్షణ లేదు. అందరికీ చెబితే పక్షే లేదు. ఎవరికి చెప్పాలన్నదే అసలు ప్రశ్న.

సాయంత్రందాకా వాదించుకుని చివరికి ఒక కాగితం రాశాం. తేదీ, వేళ, ఎంత దూరంనుంచి చూశాం, వెలుతురు ఎటునుంచి పడింది, నెత్తి, రొమ్ము, తోక. కూత వినలేదని కూడా రాశాం. విన్నామంటే కాగితం బలంగా ఉండేది, కాని వినలేదు గదా! వాగు పేరు ఆ కాగితంలో తప్ప ఎక్కడా ఉండకూడదని ఒట్టు పెట్టుకున్నాం. ఆ వాగువైపు ఈ గూబ ఉన్నట్టు అంతకుముందు వాళ్ళ పుస్తకంలో లేదట. అధికారిగారు రెండుసార్లు చదివి, "ఫోటో స్పష్టంగా లేదు. పరిశీలించవలసినది అని రాసుకుంటాను" అన్నారు. మా మిత్రుడి మొహం చిన్నబోయింది. బయటికొచ్చాక, "ఇంత చేస్తే మన పేరైనా రాదేమిట్రా" అని గొణిగాడు. దాదా మాత్రం, "రేపు పొద్దున మళ్ళీ వెళ్ళి చూసొస్తాను" అన్నాడు.

నాకు అదే పెద్ద బహుమానం అనిపించింది. గొప్ప పేరున్నవాడు రాసిన ఒక్క అబద్ధపు చీటీ ఎన్నో ఏళ్ళపాటు జనాన్ని తప్పుదారి పట్టించింది. పేరులేని వాళ్ళం రాసిన నిజం మహా అయితే ఒక ఫైలులో పడి ఉంటుంది. ఉండనీ! 2018లో ఈ పక్షిని 'తీవ్ర ప్రమాదం' జాబితానుంచి ఒక మెట్టు దించి 'ప్రమాదం'లో చేర్చారు. ఓపిగ్గా తిరిగి, చూసింది చూసినట్టు రాసిన వాళ్ళ కాగితాలే అందుకు ఆధారం.

మిత్రులారా, మీరూ కొండలెక్కండి, అడవులు చూడండి. ఏదైనా అపురూపమైనది కంటబడితే చూసినంతే రాయండి, చెప్పవలసిన వాళ్ళకే చెప్పండి. ఇక ఈసారి మీ ఇంటి కప్పు మీద గూబ వాలితే శాంతి చేయించకండి. దాన్ని శాంతిగా ఉండనివ్వండి, చాలు.