ఒకటి తక్కువ

భాద్రపదం వచ్చిందంటే మా సూర్యాపేటకు తూనీగలు దిగుతాయి. వాన వెలిసిన సాయంత్రం పిల్లలమర్రి చెరువు వైపు వెళితే నీటి మీదా, వరిమళ్ళ మీదా, ఆ పాత గుళ్ళ గోడల మీదా ఎక్కడ చూసినా అవే. చిన్నతనంలో మేము వాటి తోకలకు దారాలు కట్టి, కాళ్ళకు గులకరాళ్ళు అందించి మోయించేవాళ్ళం. ఆ పాపం ఊరికే పోలేదు. నలభై దాటిన తరువాత ఒక తూనీగ చేత పాఠం చెప్పించుకోవలసి వచ్చింది.

నేను తెలుగు లెక్చరర్ని. నాకు తెలిసిన జంతుశాస్త్రమంతా ఛందస్సులోని శార్దూలము, మత్తేభము దాటిపోదు. మా పెద్దమ్మాయి మాత్రం డిగ్రీలో జంతుశాస్త్రం తీసుకుంది. మొన్న ఒక ఆదివారం, చెరువుగట్టున తూనీగల్ని చూసి రాసుకోవాలి, తీసుకువెళ్ళమని నా ప్రాణం తీసింది. అమ్మ గుడికి వస్తానంది. అమ్మ వస్తే మా ఆవిడ రాక తప్పదు. తక్కిన ఇద్దరు పిల్లల్నీ ఒంటరిగా వదలలేము. అంచేత ఆటో మాట్లాడుకుని ఆరుగురమూ బయలుదేరాము.

పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయం ఉంది. రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో కట్టించిన గుడి. అమ్మ దణ్ణం పెట్టుకుంది. ఆపైన అందరమూ గట్టు మీద కూర్చుని, తెచ్చుకున్న సకినాలు తింటున్నాము.

నీటి మీద రెండు తూనీగలు ఒకదాని వెనక ఒకటి ఎగురుతున్నాయి. ముందుదాని తోకకొస వెనకదాని తలను పట్టుకుని ఉంది. వెనకది ఉండి ఉండి తోక నీళ్ళలో ముంచుతోంది.

“ఏంది బిడ్డా, అవి గట్ల పట్టుకొని తిరుగుతున్నయి?” అంది అమ్మ.

“ముందున్నది మగది, నాయనమ్మా. వెనకది ఆడది. అది గుడ్లు పెడుతుంటే ఇది వదలకుండా కాపలా కాస్తోంది” అంది మా అమ్మాయి. తరువాత నావైపు తిరిగి, “నాన్నా, ఆ ముందున్నదానికి ఒకటి తక్కువ, తెలుసా?” అంది.

“ఏం తక్కువ? రెక్కా, కాలా?”

“క్రోమోజోము.”

అది చెప్పింది నాకు అర్థమైనంత మేరకు చెబుతాను. ఈ కుటుంబపు తూనీగల్లో ఎక్కువ జాతులకు ఆడదాని కణంలో 26 క్రోమోజోములు, మగదాని కణంలో 25. ఆడదానికి ఎక్స్ అనే క్రోమోజోములు రెండు ఉంటాయి. మగదానికి ఒక్కటే. అది జోడు తప్పిన చెప్పులాగా ఒంటరిగా ఉంటుంది. ఆడది పెట్టే గుడ్లన్నీ ఒక్క తీరు: ప్రతిదానిలోనూ 13. మగదాని బీజకణాలు మాత్రం రెండు తీర్లు: సగానికి 13, సగానికి 12. గుడ్డుతో 13 కలిస్తే 26, ఆడ తూనీగ. 12 కలిస్తే 25, మగ తూనీగ. మన దేశపు ఆసానా, జపాను దేశపు మకినో కలిసి మన తూనీగల క్రోమోజోముల మీద 1935లోనే పెద్ద వ్యాసం ప్రకటించారట.

నాకు నవ్వు వచ్చింది. మా వ్యాకరణంలో మగవాడు మహత్తు. స్త్రీలూ పశుపక్ష్యాదులూ జడపదార్థాలూ ఏకవచనంలో ఒకే పంక్తి. వాడు వచ్చాడు, తూనీగ వచ్చింది, కోడలు వచ్చింది. ఇన్నేళ్ళూ పిల్లలకు ఇది చెబుతూ మహత్తుననుకున్నాను. తూనీగల లోకంలో మహత్తుకే ఒకటి తక్కువ!

“పేరైనా మంచిది పెట్టకపోయారా? ఎక్స్ ఏమిటి, లెక్కల పుస్తకంలోలాగా?” అన్నాను.

నిజంగా అంతేనట. 1891లో హెంకింగ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఒక ఎర్రనల్లిలాంటి పురుగులో దీన్ని చూసి, ఏమిటో తోచక, ఎక్స్ అని గుర్తు పెట్టుకున్నాడు. పదేళ్ళ తరువాత మెక్‌లంగ్ అనే అమెరికా ఆయన ఆడామగా తేడాకు ఇదే కారణమన్నాడు గాని, ఇది ఉంటే మగ అని తిరగేసి చెప్పాడు. 1905లో నెటీ స్టీవెన్స్ అనే ఆవిడ పిండిపురుగుల్ని పరీక్షించింది. ఆడపురుగులో 20 పెద్ద క్రోమోజోములు. మగపురుగులో 19 పెద్దవి, ఒకటి మరీ చిన్నది. ఆ చిన్నది తండ్రి నుంచి వస్తే మగ, దాని స్థానంలో పెద్దది వస్తే ఆడ అని ఆవిడ తేల్చింది. ఆ చిన్నదాన్నే తరువాత వై అన్నారు.

“మరి తూనీగకు ఆ వై ఏమైంది?”

“ఒకప్పుడు ఉండేదనీ, తరిగి తరిగి పోయిందనీ శాస్త్రజ్ఞుల ఊహ.”

నాకిది సులభంగానే ఎక్కింది. రాముడు, ఇతడు కలిసి రాముడితడు అయినప్పుడు ఒక ఉకారం పోతుంది. దాన్ని మేము లోపం అంటాము. లోపమంటే తప్పు కాదు, ఉండవలసింది లేకపోవడం. అది లేకపోయినా మాట నిలుస్తుంది. అలాగే వై పోయినా మగ తూనీగ నిలిచింది. కొన్ని జాతుల్లో ఆ ఒంటరి ఎక్స్ మరొక మామూలు క్రోమోజోముతో అతుక్కుపోతుందట. అప్పుడు ఆ రెండోదాని జోడు వంటరిదై, కొత్త వైగా తయారవుతుంది. లోపించినచోట ఆదేశం వచ్చిందన్నమాట!

ఇంతకూ ఈ ఎక్స్ నిన్నటిది కాదు. తూనీగ ఎక్స్‌లో ఉన్న జన్యువులూ బొద్దింక ఎక్స్‌లో ఉన్న జన్యువులూ చాలావరకు ఒకటేనని తేలింది. కీటకాలనేవి పుట్టకముందే, 45 కోట్ల ఏళ్ళ కిందటే ఇది ఉండి ఉంటుందని 2023లో టూప్స్, వికోసో అనే ఇద్దరు శాస్త్రజ్ఞురాండ్రు రాశారు. పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో మాత్రం దానికి ఆ ఉద్యోగం ఊడింది. అక్కడ అది మామూలు క్రోమోజోముగా బతుకుతోంది.

ఇంతసేపూ సకినం చేతిలో పట్టుకుని వింటున్న అమ్మ అడిగింది: “మరి మనుషులల్ల?”

నా గుండె గుభేలుమంది. ఎందుకో చెబుతాను.

పన్నెండేళ్ళ కిందట మా మూడో అమ్మాయి పుట్టింది. ఆసుపత్రి వరండాలో కబురు చెప్పగానే అమ్మ చతికిలబడి, లోపల మంచం మీద ఉన్న కోడలికి వినబడేటట్టు, “నీ కడుపుల అన్నీ ఆడపిల్లలేనా తల్లీ! నా కొడుకు ఏం పాపం చేసిండు?” అంది. చుట్టాలందరూ నావైపు జాలిగా చూశారు. నేను ఆ జాలిని కాదనలేదు. ఆడపిల్లా మగపిల్లాడా అనేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమును బట్టి ఉంటుందని పదో తరగతిలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ వరండాలో ఆ సంగతి తెలిసినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. అయినా నోరు మెదపలేదు. తల్లికి ఎదురు చెప్పకూడదని మనసుకు సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. నింద నా మీద పడకపోవడం నాకు హాయిగా ఉంది.

మా అమ్మాయికి ఇవేమీ తెలియవు. తాపీగా చెప్పింది: “మనుషుల్లోనూ అంతే, నాయనమ్మా. మన ఎక్స్ వేరు, తూనీగ ఎక్స్ వేరు, లెక్క మాత్రం ఒకటే. తల్లి అందరికీ ఎక్సే ఇస్తుంది. తండ్రి ఎక్స్ ఇస్తే ఆడపిల్ల, వై ఇస్తే మగపిల్లాడు. మనిషిలో వై ఇంకా మిగిలి ఉంది గాని ఎక్స్ పొడవులో మూడోవంతుకు చిక్కిపోయింది. అయినా తండ్రి మాత్రం ఏం చేస్తాడు? బొమ్మాబొరుసూ లాంటిది. కోళ్ళలో తిరగబడి ఉంటుంది. అక్కడ పెట్టనుబట్టే పిల్ల.”

“అంటే కోడికున్న అధికారం గూడ మనకు లేదన్నట్టు” అంది అమ్మ. పిల్లలు నవ్వారు. అమ్మ నవ్వలేదు.

చాలాసేపు నీళ్ళవైపు చూసి, నన్ను పిలిచింది. “అయ్యా, నీకంటె ముందు మీ అక్కలిద్దరు పుట్టిన్రు. రెండోది పుట్టినంక మీ నాయనమ్మ నాకు మూడు నెలలు సరిగ బువ్వ పెట్టలే. మీ నాయినకు మల్ల పెండ్లి చేస్తనని పిల్లను గూడ చూసొచ్చింది. నువ్వు పుట్టినవు గనుక నేను ఆ ఇంట్ల నిలబడ్డ. గదంత ఉత్తదేనా?”

నేనేమీ అనలేకపోయాను. తాను పడ్డ మాటే తిరిగి కోడలికి అప్పగించింది అమ్మ. పాపం, ఆమెకు అది అబద్ధమని చెప్పినవాళ్ళు లేరు. చెప్పగలిగిన కొడుకు మౌనవ్రతం పట్టాడు.

“ఉత్తదే అమ్మా” అన్నాను చివరికి. “ఆమెదీ తప్పు కాదు, నీదీ కాదు. నాకు అప్పుడే తెలుసు. ఆ రోజు వరండాలోనే చెప్పవలసింది. చెప్పలేదు.”

అమ్మ నావైపు కాక కోడలివైపు చూసింది. సకినాల డబ్బా ఆమె ముందుకు జరిపి, “తిను బిడ్డా, పొద్దటి నుంచి ఏం తినలే నువ్వు” అంది. మా ఇంట్లో క్షమాపణలు ఈ రూపంలోనే ఉంటాయి. మా ఆవిడ ఒకటి తీసుకుంది.

రాత్రి పిల్లలు పడుకున్న తరువాత నేనే మళ్ళీ ఆ మాట ఎత్తాను. మా ఆవిడ బట్టలు మడతపెడుతూ, “అత్తయ్యకు తెలియదు గనుక అన్నారు. ఆమె మీద నాకు కోపం ఎప్పుడో పోయింది” అంది. కాసేపాగి, “మీకు తెలుసని నాకు తెలుసండీ. మనం చదివింది ఒకే పుస్తకం కదా!” అంది.

పన్నెండేళ్ళుగా ఆమె ఎదురుచూసింది నా మాట కోసమని నాకు అప్పుడు బోధపడింది. స్కానింగు చేసే ప్రతిచోటా లింగనిర్ధారణ నేరమని బోర్డు ఉంటుంది. 1994లో చట్టమే వచ్చింది. పుట్టిన తరువాత వరండాల్లో జరిగే నేరానికి బోర్డు లేదు. అక్కడ ఉన్న మగవాడు నోరు విప్పాలి.

మరునాడు క్లాసులో మహదమహత్తుల పాఠం వచ్చింది. సూత్రం చెప్పి, అర్థం చెప్పి, చివర తూనీగ కథ కూడా చెప్పాను. వెనక బెంచీలో ఒక అబ్బాయి లేచి, “సార్, ఇది పరీక్షకు వస్తదా?” అని అడిగాడు.

“పరీక్షకు రాకపోవచ్చు నాయనా. ఏదో ఒకనాడు ఆసుపత్రి వరండాలో వస్తుంది. అప్పుడు మరిచిపోకు” అన్నాను.