పర్ణశాల దారిలో ఒక వాకిలి

పోయిన ముక్కోటికి భద్రాచలం వెళ్ళినవాళ్ళం, మర్నాడు వేకువనే 35 కిలోమీటర్ల అవతలి పర్ణశాలకు బయలుదేరాము. దారిలో, దుమ్ముగూడెం మండలంలోని ఒక పల్లెలో కాఫీకి ఆగితే, కళ్ళాపి తడి ఆరని వాకిట ఒక ముసలమ్మ మనమరాలిచేత మెలికల ముగ్గు వేయిస్తోంది. ఆమె చేతికి వణుకు. పిండి వేళ్ళ మధ్య నిలవదు. అందుకని నోటితోనే చెబుతోంది: “7 చుక్కలు, సందుచుక్క 4 వరకు.”

మెలిక కలవలేదు. పిల్ల చెరపబోయింది.

“చెరపకే, లెక్కపెట్టు” అన్నదామె.

37 ఉండాలి, 36 వచ్చాయి. పుస్తకం చూసి దించుకుంటే ఈ లెక్క పట్టుబడుతుందా అని నాకు అనుమానమే. కనుమనాటికి రథం ముగ్గు నేర్చి, దాని తాడు పక్కింటి ముగ్గుకు కలపాలట!

గడప ముందు అంటించే ముగ్గు తప్ప ఎరగని మా అమ్మాయి పక్కనే చతికిలబడింది. ముసలమ్మ పిండి చిప్ప ఇటు జరిపి, “రా తల్లీ, ఆ తప్పిన చుక్క నువ్వు పెట్టు” అన్నది.