పాత కారు బేరము

నగ కొనునపుడు గీటురాతిపై గీయించి చూతుము. చింతపండైనను చిదిమి చూడక కొనము. పాత కారు బేరము వచ్చునప్పటికి మాత్రము అది మగవారి పని యని లోనికి బోవుదుము. కారు మన పేర నున్నచో బాధ్యతయు మనదే గదా!

మా కారు నమ్మునపుడు కొనువారు సొమ్ము చేత బెట్టి, "పేరు నెమ్మదిగా మార్పించుకొందుము" అనిరి. మే మంగీకరింపలేదు. 29, 30 సంఖ్యల ఫారములు నింపి, రవాణా శాఖకు దరఖాస్తు చేరిన పిదపనే తాళము లిచ్చితిమి. ఇది అపనమ్మకము గాదు. కారు చేతులు మారినను రికార్డులో నెవరి పేరున్నదో వారే యజమాని యనియు, ప్రమాదము జరిగినచో పరిహారపు బాధ్యత వారిపై బడు ననియు 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము అదే రాష్ట్రములో నమ్మినవారు 14 దినములలో ఆ సంగతి తెలుపవలెను.

కొనువారికిని జాగ్రత్త వలయును. రిజిస్ట్రేషను పత్రమున బ్యాంకు పేరున్నచో, అప్పు తీరినట్లు వా రిచ్చు పత్రమును, 35వ సంఖ్య ఫారమును చేతికి రానిదే పూర్తి సొమ్ము చెల్లింపరాదు. ఇంజను చల్లగా నున్నపుడే నమ్మకమైన మెకానిక్కుచేత చూపింపవలెను. బీమాను 14 దినములలో తమ పేర మార్పించుకొనవలెను. పాత కారుపై అప్పునకు వడ్డీ సాధారణముగా క్రొత్తదానికంటె హెచ్చు. కావున నెలవాయిదా చిన్నదని మురియక, వాయిదాల నన్నిటిని కూడి చూచుకొనవలెను.

బంధువులతోడి బేరమైనను ఇవి తప్పవు. మొగమాటమునకు బోయి కాగితము విడిచినచో, తరువాత బంధుత్వమును విడువవలసి వచ్చును.