గుప్పెడు జొన్నలు

మా మనవరాలికి చిలక కావాలట. ‘తాతా, చార్మినార్ కాడ దొరుకుతయంట గదా!’ అని వారం రోజులుగా సతాయిస్తుంటే, ఒక ఆదివారం వెంటబెట్టుకుని బయల్దేరాను. లాడ్ బజార్ గాజుల మెరుపులు దాటితే మహబూబ్ చౌక్. 1892లో నాటి హైదరాబాద్ ప్రధాని ఆస్మాన్ జా కట్టించిన గడియార స్తంభం అక్కడిదే. కానీ జనం నోట ఆ చోటి పేరు ముర్గీ చౌక్. గడియారం ఎంత గొప్పదైనా, పేరు మాత్రం కోళ్లే కొట్టేశాయి.

రంగు పిట్టల పంజరం దగ్గర పిల్ల ఆగిపోయింది.

‘ఈ బుడ్డ పిట్టలది ఏ ఊరు?’

‘వీటి తాతముత్తాతలది ఆస్ట్రేలియా. ఆ లవ్‌బర్డ్స్‌ది ఆఫ్రికా.’

‘మరి మనదేది?’

మనది చిలకే. అయితే దాన్ని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఆ మాట మనవరాలికి చెబుతుంటే నాకే తల వంగింది. చిన్నప్పుడు మా ఇంట్లో చిలక ఉండేది. సైకిల్ మీద వచ్చినతను రెక్కల ఈకలు కత్తిరించి మరీ ఇచ్చిపోయాడు. జామకాయలు పెట్టాం, పచ్చిమిరపకాయలు పెట్టాం, ‘రామా’ అనడం నేర్పాం. మా ముద్దుకు లోటు లేదు. ఎదురింటి చింతచెట్టు మీద చిలకల గుంపు వాలితే మాత్రం మా చిలక రాముణ్ణి మరిచి పంజరం కమ్మీలు కొరికేది. ఒక వానాకాలం పొద్దున కదలకుండా పడి ఉంది.

అలిగిన మనవరాల్ని మాటల్లో పెట్టి హుస్సేనీ ఆలం వైపు నడిపించాను. అక్కడి కబూతర్‌ఖానా రెండు వందల ఏళ్ల నాటిదని చెబుతారు. దానికి గూళ్లే గాని తలుపుల్లేవు. పావురాలు తమకు తోచినప్పుడు ఎగిరిపోతాయి, తోచినప్పుడు వస్తాయి. అవి ఎవరివని అడిగితే ఎవరూ చెప్పలేరు. గింజలు మాత్రం ఎవరో ఒకరు వేస్తూనే ఉంటారు. తినేది ప్యాకెట్లో వచ్చిన విదేశీ మేత కాదు, మన చెలకల్లో పండే జొన్నలు. మా అమ్మమ్మ ఇంటి కోళ్ల లెక్కా ఇంతే. కూరగాయల తొక్కలు, వాకిట్లో చెదపురుగులు తిని, బదులుగా గుడ్లు పెట్టేవి. మా ఇంట్లో ఆ తొక్కలు ఇప్పుడు చెత్తబండికి పోతున్నాయి, కుక్కకు బిస్కెట్లు దుకాణం నుంచి వస్తున్నాయి.

మనవరాలు జొన్నలు దోసిళ్లతో విసరబోతే, పక్కనున్న పెద్దాయన నవ్వుతూ అడ్డుపడ్డాడు. ‘బస్ బేటీ, ముట్ఠీ భర్ కాఫీ హై.’

గుప్పెడు చాలన్నాడు. ఆ మాట బరువు తెలియాలంటే ముంబయి వైపు చూడాలి. తేరగా తిండి దొరికే కొద్దీ పావురాలు సంతానం పెంచుతాయి. వాటి రెట్ట ఎండి, దుమ్మై, పీల్చినవాళ్ల ఊపిరితిత్తులకు జబ్బు తెస్తుంది. ఆ భయంతోనే 2025లో అక్కడి దాదర్ కబూతర్‌ఖానాకు టార్పాలిన్ కప్పేశారు. నిన్నటి పుణ్యం మీద నేడు కోర్టులో వాదోపవాదాలు! చిలకను పంజరంలో పెట్టిన మా ప్రేమకూ, బస్తాలకు బస్తాలు కుమ్మరించే ప్రేమకూ జబ్బు ఒక్కటే: కొలత తెలియకపోవడం. ప్రాణిని ప్రేమించేవాళ్లకు అది ఏ ఊరిదో, ఏం తింటుందో, ఎంత తింటుందో, దాని రెట్ట ఎటు పోతుందో కూడా పట్టాలి.

చిలకను కొనలేదు. తిరుగుదారిలో ఒక మట్టి మూకుడు కొన్నాం. బాల్కనీలో నీళ్లు పోసి పెడితే మూడో రోజుకు గోరింకలు వచ్చాయి. వాటికి పేర్లు పెట్టే పని మనవరాలిది, మూకుడు కడిగే పని నాది. ఎండాకాలం మీరూ ఒకటి పెట్టండి. నీళ్లు మాత్రం రోజూ మార్చండి. లేదంటే దోమల్ని పెంచినవాళ్లవుతారు.