తోట కనిపించింది, మనిషేడీ?

అమలాపురం దగ్గర పల్లెలో కొబ్బరి దింపులకెళ్లే పెద్దాయన చూడని షూటింగ్ లేదు. కాలవగట్టూ, తోటలూ, పడవలూ తెరకెక్కుతూనే ఉంటాయి.

ఓ సాయంత్రం మనవడు ఫోన్లో ఇరవై నిమిషాల సినిమా పెట్టాడు. 1963లో సెనెగల్‌కు చెందిన ఉస్మాన్ సెంబేన్ తీసిన ‘బోరోం సారెట్’. డాకర్‌లో బండి తోలుకునేవాడి కథ. రోజంతా తిరిగినా చేతిలో కాసు మిగలదు. చివరికి పోలీసు బండి లాక్కుంటాడు.

రేవులో కూలీగా పనిచేసి, నవలలు రాసిన సెంబేన్, చదువురాని తనవాళ్ల కోసమే సినిమాకొచ్చాడు. 1966లో ఆయన మరో చిత్రానికి ఫ్రాన్సులో జాఁ విగో బహుమతి వచ్చింది. అప్పటిదాకా ఆఫ్రికాను తెరకెక్కించింది ఎక్కువగా బయటివాళ్లే.

పెద్దాయనకు భాష తెలీలేదు. బండివాడు ఉత్తచేతులతో ఇంటికొస్తుంటే కళ్లు తుడుచుకున్నాడు.

‘‘మన తోటలు ఇన్నిసార్లు తీశారు కదరా! దింపు కూలీ ఎంతని ఒక్కడూ అడగలేదేంట్రా?’’