మడి, అంటు, కలం

తోటపని ఆరోగ్యానికి మంచిదని పెద్దలంటారు. నిజమే కావచ్చు. కాని భాషాధ్యాపకునికి మాత్రం అది ప్రమాదకరం. గునపం పట్టుకొని పెరట్లోకి వెళ్లినవాడు నిఘంటువు కోసం వెదుకుతూ తిరిగి వస్తాడు. నాకీ వ్యాధి బాల్యంలోనే సోకింది.

వన్ టౌన్‌లో మా ఇల్లు ఇరుకు. పెరడు మరీ ఇరుకు. రేవువైపు నుండి వీచే ఉప్పుగాలికి తట్టుకొని నిలిచిన నాలుగు మొక్కలే మా నందనవనం. దానికి ఏలిక మా దాదీమా. ఆమెకు ఉర్దూ తప్ప మరొక భాష రాదు. వారానికొకసారి వచ్చే మాలితాతది శ్రీకాకుళం వైపు తెలుగు. వారిద్దరి నడుమ దుబాసీని, ఎనిమిదేళ్ల నేను.

ఒకనాడు దాదీమా, “పక్కింటి గులాబీ నుండి ఒక కలమ్ తెచ్చి నాటమను” అన్నది. నేను లోపలికి పరుగెత్తి, అబ్బాజాన్ సిరాకలం తెచ్చి తాత చేతిలో పెట్టాను. ఆయన దానిని అటూ ఇటూ తిప్పి చూసి, “బాబూ, ఇది నాటితే ఏటి పూస్తాదీ?” అని అడిగాడు. దాదీమా నవ్వు ఆపుకోలేక మంచంమీద కూలబడింది. నాటడానికి కోసిన కొమ్మను కూడా ఉర్దూలో కలమ్ అంటారని నాకు ఆనాడే తెలిసింది. రెల్లుకాడను ఏటవాలుగా కోస్తే వ్రాతకలం. గులాబీకొమ్మను అలాగే కోస్తే నాటుకలం. ఒకటి సిరాలో మునుగుతుంది, రెండవది మట్టిలో.

తెలుగు మాటలు మాత్రం నన్ను తక్కువ తిప్పలు పెట్టాయా? “అరటిపిలక కావాల” అని తాత అంటే, ఇంటిల్లిపాది తలలూ పరిశీలించి, మా ఇంట ఎవరికీ పిలక లేదని విన్నవించుకొన్నాను. “ఎరువు తేవాల” అంటే, ‘అప్పు తేవాలట’ అని దాదీమాకు తర్జుమా చేశాను. పాపం, ఆమె ఆ నెల జీతం ముందుగానే ఇచ్చివేసింది. తాత ఎందుకో కాదనలేదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివేనాటికి ఈ తికమకలకు ‘నానార్థాలు’ అనే గౌరవనామం ఉన్నదని తెలిసింది. అప్పుడే మరొకటి గమనించాను. ఇంట్లో మడి అంటే శుచి, అంటు అంటే మైల. ఆ రెంటికీ క్షణం పడదు. తోటలో మడి అంటే నారు పోసే నేల, అంటు అంటే రెండు మొక్కల జోడింపు. అక్కడ రెండూ ఇరుగుపొరుగుల వలె బ్రతుకుతాయి.

1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన సి.పి. బ్రౌన్ దొర, తెలుగులో చేరిన అన్యదేశ్యాలకు 1854లో వేరే నిఘంటువు కూర్చాడు. వేరే మడి కట్టాడన్నమాట! కాని మాటలు గట్టు దాటక ఆగుతాయా? గులాబీ పారసీకం, అక్కడ గులాబ్ అంటే పూవునీరు. అనాస దక్షిణ అమెరికాలో పుట్టి పోర్చుగీసు ఓడ దిగింది. సపోటా మెక్సికో మాట. అన్యదేశ్యమని ఎవరైనా పండు తినడం మానారా? ఎరువు తెచ్చుకొన్న మాటలే భాషకు ఎరువు.

మాటలకున్న ఈ వెసులుబాటు మనుషులకు లేదు. ఒక ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి నా పేరు రెండుసార్లు చదివి, “మీకు తెలుగెందుకండీ?” అన్నారు. ఆ వారమే ఒక పెళ్లిలో మా బంధువొకాయన, “ఉర్దూ ఉండగా తెలుగెందుకు, బేటా?” అన్నారు. అడిగిన భాషలు రెండు, ప్రశ్న ఒక్కటే. పిఠాపురం కవి ఉమర్ ఆలీషా (1885–1945) పేరు చెప్పి ఇద్దరికీ జవాబివ్వవచ్చును. ఇవ్వలేదు. ఇంటికి వచ్చి మొక్కలకు నీళ్లు పోశాను.

2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానులో మా పెరటి మామిడి కూలిపోయింది. హుద్‌హుద్ అంటే అరబ్బీలో ఒక పక్షి. సులేమాన్ ప్రవక్తకు వార్త తెచ్చిన పక్షి. “వార్త తెచ్చే పిట్టకు చెట్టుమీద కోపమెందుకురా?” అని దాదీమా కళ్లు తుడుచుకొన్నది.

మరుసటి ఏడు, నడుము వంగిన మాలితాత వచ్చి, టెంకనుండి మొలిచిన మొక్కకు సువర్ణరేఖ కొమ్మను అంటు కట్టాడు. మొక్కను పట్టుకొన్నది నేను. కత్తి రెండింటినీ చెక్కడం చూసి, “తాతా, రెంటినీ కోయాలా?” అన్నాను. “రెంటికీ గాయమవ్వాల బాబూ. ఒకదానికే సేస్తే అతకదు” అన్నాడాయన. ఇంటర్వ్యూలోనూ, పెళ్లిలోనూ దొరకని జవాబు నాకక్కడ దొరికింది.

నాలుగేళ్లకు చెట్టు కాసింది. ఆ పండు రుచి చూడకుండానే దాదీమా వెళ్లిపోయింది. తొలిపండు తాతకు ఇచ్చాను.

విద్యార్థులారా, ఈ సంచికలో ఉర్దూ కుడినుండి, తెలుగు ఎడమనుండి బయలుదేరి నడుమ కలుస్తాయి. మీలో చాలామంది ఆ కలిసే పుట దాకా వచ్చి ఆగిపోతారని ఎరుగుదును. ఈసారి ఆగకండి. అవతలి లిపి రానివారు, వచ్చిన మిత్రుని పక్కన కూర్చోబెట్టుకొని చదివించుకోండి. మొదట కొంత కష్టమే; అంటుకు ఆ మాత్రం గాయం తప్పదు.

కలం నాటితే ఏమి పూస్తుందని తాత అడిగాడు. ఆ జవాబు మీ చేతిలో ఉన్నది.